ఆగుదామని ఎవరనాలి?

బండి మీద దూరం పోవాలంటే ఒంటరిగా వెళ్లడం మంచిదా, నలుగురితో కలిసి వెళ్లడం మంచిదా అని నన్ను అడిగేవాళ్లలో చాలామంది జవాబు ముందే అనుకుని వస్తారు. ఇంట్లోవాళ్లను ఒప్పించడానికి పెద్దవాడి మాట ఒకటి కావాలి, అంతే. "అన్నా, ఒక్కణ్నే పోతానంటే మా అమ్మ బండి తాళాలు దాచేసింది, నువ్వొకసారి మాట్లాడవా" అని ఒక కుర్రాడు ఫోన్ చేస్తాడు. మర్నాడు ఇంకో తల్లి, "ఒక్కడే వెళ్తే నెమ్మదిగా వెళ్లొస్తాడండీ, ఆ గ్యాంగుతో కలిస్తేనే నాకు భయం" అంటుంది. ఇద్దరు తల్లులకూ భయమే. ఇద్దరి భయంలోనూ నిజముంది.

నేను ఎవరి పక్షమూ మాట్లాడను. తిరిగి ఒకటే అడుగుతాను: దారిలో ఆగాల్సి వచ్చినప్పుడు ఆ మాట ఎవరంటారు?

మనకు బండి నేర్పినవాళ్లు క్లచ్ వదలడం నేర్పారు, గేర్లు నేర్పారు, బ్రేకు తొక్కడం నేర్పారు. ఆగడం నేర్పలేదు. బ్రేకు వేయడం వేరు, ఆగడం వేరు. కళ్లు మూతలు పడుతుంటే బండి పక్కకు తీయడం, ఘాట్ మొదలయ్యేలోపు పొద్దు వాలుతుందని తెలిసి ముందు ఊళ్లోనే గది తీసుకోవడం, వాన పట్టగానే బస్ షెల్టరు కిందికి దూరడం... ఇదీ ఆగడం. ఒంటరిగా వెళ్లేవాడు ఎక్కడ కావాలంటే అక్కడ ఆగొచ్చు, కానీ ఆగమని చెప్పే మనిషి పక్కన ఉండడు. గుంపులో వెళ్లేవాడికి చెప్పే మనుషులు బోలెడుమంది, కానీ తనంతట తను ఆగడానికి మొహమాటం. రెండు రకాల ప్రమాదాలూ ఇక్కడే పుడతాయి. రెంటినీ నేను రుచి చూశాను కాబట్టి చెబుతున్నాను.

మొదటిది శ్రీశైలం దారిలో. హైదరాబాద్ నుంచి శ్రీశైలం 215 కిలోమీటర్ల దాకా ఉంటుంది. కడ్తాల్, ఆమనగల్, కల్వకుర్తి, డిండి దాటితే మన్ననూర్ దగ్గర అటవీశాఖ గేటు. అక్కణ్నుంచి అమ్రాబాద్ పులుల అభయారణ్యం. రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా ఆ గేటు మూసేస్తారు. ఆ రోజు పొద్దున్నే దర్శనం చేసుకుని, కడుపునిండా పెరుగన్నం తిని, తిరిగి వస్తూ మధ్యాహ్నం రెండింటికి అడవి దాటి మైదానంలో పడ్డాను. ఎండాకాలం కాదు, హాయిగానే ఉంది. అదే కొంప ముంచింది. మలుపులున్నంతసేపూ మెలకువగా ఉన్న ఒళ్లు తిన్నని రోడ్డు కనబడగానే వదులైపోయింది. రెండు సార్లు ఆవులింతలు వచ్చాయి. 'కల్వకుర్తిలో టీ తాగుదాంలే, ఎంత, ఇంకో పదిహేను కిలోమీటర్లు' అనుకున్నాను. ఆ తర్వాత నాకు గుర్తున్నది ముందు టైరు తారు దిగి మట్టిలో గరగరమన్న చప్పుడు. బండి 80 మీదుంది. 80 మీద సెకనుకు 22 మీటర్లు పోతాం. నేను కన్ను మూసింది మూడు సెకన్లే అనుకున్నా, 66 మీటర్లు బండిని నడిపింది నేను కాదు.

ఆ రోజు వెనక మా ఆవిడ కూర్చుని ఉంటే, మొదటి ఆవులింతకే హెల్మెట్ మీద ఒక్కటి పడేది. అలసిన మనిషి చేతిలో తన అలసటను కొలిచే కొలబద్ద ఉండదు. తాగినవాడు 'నేను బాగానే ఉన్నా' అన్నట్టే, నిద్ర వచ్చినవాడూ అంటాడు. కాబట్టి ఒంటరి రైడుకు నా మొదటి సలహా, అనిపించినప్పుడు ఆగుదామని పెట్టుకోకండి. బయల్దేరే ముందు, బుర్ర చల్లగా ఉన్నప్పుడే, ఎక్కడెక్కడ ఆగాలో కాగితం మీద రాసుకోండి. గంటన్నరకో, 80 కిలోమీటర్లకో ఒకసారి. అక్కడికి చేరాక ఎంత హుషారుగా ఉన్నా సరే, బండి దిగాలి, హెల్మెట్ తీయాలి, మంచినీళ్లు తాగాలి. ఆగాలనిపించక ముందే ఆగడం అన్నమాట. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా ఒంటికి సహజంగానే మగత వేళ. ఆ రెండు గంటలూ రోడ్డు మీద లేకుండా చూసుకుంటే సగం గొడవ తీరినట్టే. తప్పకపోతే కాఫీ తాగి వెంటనే ఓ ఇరవై నిమిషాలు కునుకు తీయండి. కాఫీ ఒంటికి పట్టడానికి అరగంట పడుతుంది గనక లేచేసరికి రెండూ పని చేస్తాయి. కాఫీ తాగి వెంటనే బండెక్కితే లాభం లేదు. కిందటి ఊరి పేరు గుర్తు రాకపోవడం, మూడో గేరులో ఉన్నానా నాలుగులోనా అని తడుముకోవడం, రోడ్డు పక్క తెల్లగీత దగ్గరికి తెలియకుండా జరగడం, వీటిలో ఒక్కటి కనబడినా కాగితం మీద లేని చోటైనా ఆగండి.

రెండో సలహా చిన్నది. ఎక్కడికి, ఏ దారిన, ఎన్నింటికి ఎక్కడుంటారో ఒక మనిషికి చెప్పండి. నలుగురికి చెబితే ఎవరూ పట్టించుకోరు. అడవిలో సిగ్నల్ ఉండదు కాబట్టి 'మన్ననూర్ గేటు దగ్గర చేస్తాను, మళ్లీ దోమలపెంట దాటాక చేస్తాను, మూడు గంటలు గడిచినా ఫోన్ రాకపోతే 112కి చెప్పు' అని విడమరిచి చెప్పాలి. ఫోను తాళం తీయకుండానే ఇంట్లోవాళ్ల నంబరూ బ్లడ్ గ్రూపూ కనబడేలా పెట్టుకోండి. జాతీయ రహదారి మీదైతే 1033 కూడా ఉంది. గేటు 9కి మూస్తారు కదా అని 8:45కి దూసుకెళ్లే వీరులను చూశాను. గేటు దాటితే దారంతా అయిపోయినట్టు కాదు. ఆ చీకట్లో అడవి పందో దుప్పో అడ్డం వస్తే, ఆ తర్వాత మిమ్మల్ని చూసే మనిషి పొద్దున ఆరింటికి వస్తాడు.

ఇక పనిముట్ల సంగతి. చేయడం వచ్చిన పనికే పనిముట్లు పెట్టుకోండి. ట్యూబ్‌లెస్ టైరుకు మేకు తీసి ప్లగ్గు దూర్చడం ఇంటి ముందు ఒక్కసారి చేసి చూసుకుంటే చాలు. నాది పాత బుల్లెట్, ట్యూబు టైర్లు. వెనక చక్రం ఒక్కణ్నే విప్పలేనని నాకు ఖాయంగా తెలుసు. అందుకే అడవి దారుల్లో నేను ఒంటరిగా వెళ్లేది పగటిపూటే, అదీ బస్సులు తిరిగే వేళలో.

ఇన్ని జాగ్రత్తలు చెప్పి ఒంటరి రైడు వద్దంటున్నానని అనుకోకండి. నేనిప్పటికీ ఏడాదిలో ఎక్కువ రైడ్లు ఒక్కణ్నే చేస్తాను. ఒక్కడు ఆగితే మనుషులు దగ్గరికొస్తారు, పదిమంది ఆగితే దూరంగా నిలబడి చూస్తారు. శ్రీశైలం దారిలో వటవర్లపల్లి దగ్గర చెట్టు కింద ఆగినప్పుడు తునికాకు మూట దించుకున్న ఒక పెద్దమ్మ, "ఒక్కనివే వచ్చినవా బిడ్డా? ఇంట్ల ఎవ్వల్లేరా?" అని అడిగింది. ఉన్నారన్నాను. "మరి తోలుకరాకపోతివి" అని మందలించి, తన సీసాలో నీళ్లిచ్చింది. ఆరు బండ్లతో వెళ్లినప్పుడు అదే చెట్టు కింద మా మాటలు మేమే మాట్లాడుకున్నాం.

ఇంగ్లండుకు చెందిన టెడ్ సైమన్ 1973లో లండన్ నుంచి 500 సీసీ ట్రయంఫ్ మీద ఒంటరిగా బయల్దేరి, నాలుగేళ్లు తిరిగి, 1977లో ఇల్లు చేరాడు. మన దేశమూ చుట్టాడు. 'జూపిటర్స్ ట్రావెల్స్' అని పుస్తకం రాస్తే అది బైకు యాత్రికులకు భారతమంతటిది అయ్యింది. ఆ పుస్తకంలో మనకు గుర్తుండేది బండి ఎంత వేగంగా పోయిందన్నది కాదు. చెడిపోయి ఆగినచోటల్లా ఎవరో ఒకరు తగలడం, తిండి పెట్టడం, చేయి వేయడం. తోడు ఉన్నవాడికి ఆ మనుషుల అవసరమే పడదు.

ఇప్పుడు రెండో కథ. విశాఖ నుంచి అరకు 115 కిలోమీటర్లు. శృంగవరపుకోట దాటాక అనంతగిరి ఘాట్. ఆరు బండ్లం వెళ్లాం, మా బావమరిది స్నేహితులు. ముందు ఇద్దరు కుర్రాళ్లు, మూడోవాణ్ని నేను. వాళ్లు రోజూ ఆ ఘాట్ ఎక్కి దిగేవాళ్లు. నా కళ్లు రోడ్డు మీద లేవు, ముందు బండి వెనక లైటు మీద ఉన్నాయి. అది మలుపులో మాయమవుతుంటే దాన్ని పట్టుకోవాలని పోయాను. ఒక ఎడమ మలుపులో బండి నా గీత దాటి రోడ్డు మధ్యకు వెళ్లింది. ఎదురుగా ఆర్టీసీ బస్సు. ఆ క్షణంలో మనిషి ఏం చేస్తాడో తెలుసా? భయపడ్డ వస్తువు వైపే చూస్తాడు. చూసిన వైపే బండి పోతుంది. డ్రైవరు పుణ్యాత్ముడు, బస్సును కొండ వైపు జరిపాడు.

గాలికొండ దగ్గర కాఫీ తాగుతున్నప్పుడు "బావా, మొహం అలా పాలిపోయిందేంటి?" అన్నాడు మావాడు. చలి అన్నాను. ఏడాది తర్వాత ఒక పెళ్లిలో ఆ ముందున్న కుర్రాడు దొరికితే నిజం ఒప్పుకున్నాను. వాడు నవ్వి చెప్పిన మాట ఇదీ: "మావయ్యగారూ, మీ హెడ్‌లైటు అద్దంలో మీదమీదకొస్తుంటే, పెద్దాయన తొందరపడుతున్నారు కదా అని నేనే స్పీడు పెంచానండీ. మామూలుగా అంత వేగం వెళ్లను." ముందువాడు లాగుతున్నాడని వెనకవాడు, వెనకవాడు తోస్తున్నాడని ముందువాడు. ఆ వేగం ఎవరికీ ఇష్టం లేదు, ఎవరూ నిర్ణయించలేదు. నలుగురితో నారాయణా అంటే ఇదే. గుంపు ప్రమాదాల గురించి కుర్రాళ్ల దూకుడు అని తేలిగ్గా తిట్టేస్తాం గానీ, నా లెక్కలో దూకుడు కన్నా మొహమాటమే ఎక్కువ పడేస్తుంది.

అందుకే గుంపుగా వెళ్లేవాళ్లు రాత్రి భోజనాల దగ్గరే ఒక ఒప్పందం చేసుకోవాలి. ఎవరైనా, ఎక్కడైనా, ఆగుదామంటే ఎందుకని అడగకూడదు. నవ్వకూడదు. పేరు పెట్టకూడదు. నడుం నొప్పో, భయమో, మూత్రానికో, కొండ చూడాలనో, వాడిష్టం. ఈ ఒక్క మాటకు ఒప్పుకోని మనిషితో కలిసి వెళ్లకండి. మిగతా నియమాలన్నీ దీని తర్వాతే.

మిగతావి కూడా చెబుతాను, ఎందుకంటే బ్యాచులు కట్టి బయల్దేరే చాలామందికి ఇవి తెలియవు. దారి తెలిసిన నిదానస్తుడు ముందుండాలి. వాణ్ని లీడ్ అంటారు. అందరికన్నా కొత్తవాడు, లేదా అందరికన్నా చిన్న బండి, వాడి తర్వాతి స్థానంలో. మనవాళ్లు తిరగేసి చేస్తారు, కొత్తవాణ్ని చివర్లో వదిలేస్తారు. వాడు అందుకోవాలని మలుపుల్లో ప్రాణాల మీదికి తెచ్చుకుంటాడు. చివర అనుభవమున్నవాడు, చేతి పని వచ్చినవాడు ఉండాలి. వాణ్ని స్వీప్ అంటారు, సామాన్లూ మందుల పెట్టె వాడి దగ్గరే. తిన్నని రోడ్డు మీద జంట గీతల్లో పోవాలి. లీడ్ తన లేనులో కుడివైపు, రెండోవాడు ఒక సెకను వెనగ్గా ఎడమవైపు, మూడోవాడు లీడ్‌కు సరిగ్గా వెనక, రెండు సెకన్ల దూరంలో. మీ గీతలో ముందున్న బండి కిలోమీటరు రాయి దాటగానే 'నూట ఒకటి, నూట రెండు' అనుకోండి, ఆలోపు మీరు రాయి దాటితే దగ్గరగా ఉన్నట్టే. ఘాట్ మొదలవగానే ఈ జంట గీతలు వదిలి ఒకే వరస. మలుపులో ఎవరి దారి వాళ్లకు పూర్తిగా కావాలి. దిగేటప్పుడు న్యూట్రల్ వేసి జారొద్దు, ఏ గేరులో ఎక్కారో ఆ గేరులోనే దిగండి, లేకపోతే బ్రేకులు వేడెక్కి పట్టు వదిలేస్తాయి.

లారీని దాటేటప్పుడు ఎవరికి వాళ్లే చూసుకుని దాటాలి. ముందువాడికి దారి ఖాళీగా ఉంది కదా అని వాడి వెంటే దూరితే, వాడు దాటేసరికి ఆ ఖాళీ మూసుకుపోతుంది. ముందున్నవాడు చెయ్యి ఊపి రమ్మన్నా నమ్మకండి. వాడి కళ్లు మీకు పనికిరావు.

పదిమందిలో పాము చావదంటారు. మా గుంపులో ఒకసారి ఎనిమిదో బండి చైను తెగి ఆగిపోతే, ఏడో బండివాడు స్వీప్ ఉన్నాడుగా అనుకున్నాడు, ఆ రోజు స్వీప్ అనుకున్నవాడేమో ఆకలి తట్టుకోలేక టిఫిన్ కోసం ముందుకెళ్లిపోయాడు. ఇరవై కిలోమీటర్ల తర్వాత ఇడ్లీల ప్లేట్లు లెక్కపెడుతుంటే ఒకటి ఎక్కువైంది. అప్పటినుంచి మా పద్ధతి, ప్రతివాడూ తన వెనక బండికి బాధ్యుడు. అద్దంలో అది కనబడకపోతే వేగం తగ్గించాలి, అప్పటికీ రాకపోతే ఆగాలి. వాడు ఆగితే వాడి ముందువాడికి అద్దం ఖాళీ అవుతుంది, వాడూ ఆగుతాడు. అలా కబురు లీడ్ దాకా దానంతటదే వెళుతుంది, ఫోను అక్కర్లేదు. ఇది పని చేయాలంటే గుంపు ఐదు బండ్లకు మించకూడదు. పన్నెండుమంది పోగైతే మూడు గుంపులుగా విడిపోయి, మధ్యాహ్నం భోజనం దగ్గర కలవండి.

పెట్రోలు లెక్క అందరికన్నా చిన్న ట్యాంకును బట్టి వేయాలి. మనాలీ నుంచి లేహ్ పోయే దారిలో తాండీ బంకు దగ్గర తర్వాతి బంకు 365 కిలోమీటర్లు అని ఏళ్లపాటు ఒక బోర్డు ఉండేది. దాని ముందు ఫొటో దిగని మన కుర్రాడు లేడు. ఫొటో దిగినవాళ్లలో తన పక్కవాడి ట్యాంకు ఎన్ని లీటర్లో తెలిసినవాడు మాత్రం అరుదు. ఆ దారి సంగతి వచ్చింది కాబట్టి చెప్పేస్తాను, హిమాలయాల ఎత్తుల్లోకి ఒంటరిగా వెళ్లొద్దు. లేహ్ పైనున్న ఖర్దుంగ్ లా కనుమ ఎత్తు 5,359 మీటర్లు. అంత ఎత్తులో గాలి పలచబడి తల పనిచేయడం మందగిస్తే, ఆ సంగతి ఆ తలకే తెలియదు. నడక తూలడం, మాట తడబడటం పక్కవాడు చూసి చెప్పాలి, చెప్పగానే కిందికి దిగిపోవాలి. కల్వకుర్తి దారిలో నా నిద్ర కథే ఇది, ఇంకా ప్రమాదకరమైన రూపంలో.

ఆడపిల్లల విషయంలో నా సలహాలు సగమే పనికొస్తాయని మా అక్క కూతురు కుండబద్దలు కొట్టింది. "మామయ్యా, నీకు ఎప్పుడు ఆగాలన్నదే సమస్య. నాకు ఎక్కడ ఆగాలన్నది సమస్య. ఆగడానికి చోటుంటే ఒక్కదాన్నే ఎంత దూరమైనా పోతా." అది చెట్ల కింద ఆగదు. శుభ్రమైన బాత్రూము, వెలుతురు, మనుషుల అలికిడి ఉన్న బంకులను ముందే మ్యాపులో గుర్తుపెట్టుకుని, బంకు నుంచి బంకుకు వెళుతుంది. నేను కాగితం మీద రాసుకునే పద్ధతి దాని దగ్గర నేర్చుకున్నదే. 2018లో జై భారతి, మరో ముగ్గురు మహిళలు హైదరాబాద్ నుంచి బండ్ల మీద బయల్దేరి మెకాంగ్ నది దేశాలు చుట్టి సుమారు 17 వేల కిలోమీటర్లు తిరిగొచ్చారు. వాళ్లలో ఒకరైన పియా బహదూర్ 'రోడ్ టు మెకాంగ్' అని పుస్తకమే రాశారు. నలుగురు అనేది చాలా మంచి లెక్క. ఒకరికి దెబ్బ తగిలితే ఒకరు తోడుంటారు, ఇద్దరు సాయానికి వెళతారు.

మొదటిసారి దూరం వెళ్లేవాళ్లకు నేను చెప్పేది మాత్రం ఇద్దరే. ఒంటరిగానూ వద్దు, గుంపుగానూ వద్దు. మీకన్నా కాస్త నిదానంగా నడిపే ఒక్క స్నేహితుడు. ఇద్దరే ఉంటే మొహమాటం తక్కువ, పాము కూడా చస్తుంది. ఆ ఒక్కడు కూడా సరిపడకపోతే? దారి మధ్యలో విడిపోవచ్చు, తప్పేం లేదు. 1968లో రాబర్ట్ పిర్సిగ్ పదకొండేళ్ల కొడుకును వెనక ఎక్కించుకుని మిన్నెసోటా నుంచి కాలిఫోర్నియాకు బయల్దేరినప్పుడు, ఒక స్నేహితుడూ అతని భార్యా ఇంకో బండి మీద తోడొచ్చారు. తర్వాత పిర్సిగ్ రాసిన 'జెన్ అండ్ ది ఆర్ట్ ఆఫ్ మోటార్‌సైకిల్ మెయింటెనెన్స్' 1974లో వచ్చింది. అందులో ఆ స్నేహితుడి బీఎండబ్ల్యూ హ్యాండిల్ వదులైతే, బీరు డబ్బా రేకు ముక్క కత్తిరించి పెడదామంటాడు కథకుడు. అంత ఖరీదైన బండికి డబ్బా రేకా అని ఆ స్నేహితుడికి కష్టం వేస్తుంది. ఒకడికి బండి అంటే మరమ్మతు, ఇంకొకడికి బండి అంటే మరమ్మతు నుంచి తప్పించుకోవడం. అయినా మోంటానాలోని బోజ్‌మన్ దాకా కలిసే వెళ్లారు. అక్కణ్నుంచి ఆ దంపతులు వెనక్కి తిరిగారు, తండ్రీ కొడుకులు ముందుకు పోయారు. ఎవరూ ఎవరి మీదా అలగలేదు. మన దగ్గరైతే సగం దారిలో వెనక్కి తిరిగిన వాడితో ఏడాది మాటలుండవు.

నా శ్రీశైలం రైడు ఇప్పుడు సగం సగం. డిండి దాకా ఎవరి బండి వాళ్లది. నేను ఆరింటికి హైదరాబాద్‌లో బయల్దేరతాను, ఒకాయన దేవరకొండ వైపు నుంచి వస్తాడు, ఇంకొకతను అచ్చంపేటలోనే ఉంటాడు కాబట్టి మాకెదురు వస్తాడు. తొమ్మిదింటికి డిండిలో ఒక టిఫిన్ బండి దగ్గర కలుస్తాం. అడవి ముగ్గురం కలిసి దాటతాం. తిరుగుప్రయాణంలో మళ్లీ ఎవరి దారి వాళ్లదే. మొన్న శ్రావణంలో దేవరకొండ ఆయన తొమ్మిదిన్నరైనా రాలేదు. ఫోను ఎత్తడు. వెతకడానికి హెల్మెట్లు పెట్టుకుంటుంటే పదింటికి వచ్చాడు, చొక్కా అంతా నలిగిపోయి, చెంప మీద చాప ముద్రతో. నిద్ర వస్తుంటే దారిలో గుడి అరుగు మీద పడుకున్నాడట. ఎందుకని మేమిద్దరం అడగలేదు. దోసెలు చల్లారిపోయాయని మాత్రం చెప్పాం.